దువెనోస్: మంచివాడా, మనిషి పేరా?

కుండరాత: రోములో 1880లో బయటపడిన ఆ మూడు బుడ్ల కుండ మీది పాత లాటిన్ వాక్యం రెండ్రోజులుగా బుర్ర తింటోంది. "దువెనోస్ మేద్ ఫేకెద్", అంటే దువెనోస్ నన్ను చేశాడు. ఈ దువెనోస్ 'మంచి' అనే విశేషణమేనా (లాటిన్‌కి తల్లి అయిన ఆదిమ ఇటాలిక్‌లో *ద్వెనోస్, తర్వాత లాటిన్‌లో బోనుస్ అయిందే, అది), లేక చేసినవాడి పేరా?

నసపెట్టు: విశేషణమేనండీ. చివర్న "దువెనోయ్ నే మేద్ మలోస్ తాతోద్" అని ఉంది చూడండి, మంచివాడి కోసం చేసిన నన్ను చెడ్డవాడు ఎత్తుకుపోకూడదు అని. మంచివాడికి ఎదురుగా చెడ్డవాడు మలోస్. పేరే అయితే ఆ జత దేనికి?

అటక: పేరూ అదే, అర్థమూ అదే. శ్లేష అంటే మనవాళ్ళకి ఒకరు చెప్పాలా?

నసపెట్టు: శ్లేష సరే, ఆ ఎకారం సంగతి చూడరేం? తర్వాతి కాలపు రోమన్ ప్రముఖుడు స్కిపియో సమాధి రాతలో 'దువొనోరో' (మంచివాళ్ళలో) అని వచ్చేసరికి ఎ కాస్తా ఒ అయిపోయింది. 'బాగా' అనే అర్థమున్న 'బెనె'లో మాత్రం తర్వాతి అక్షరంలోనూ ఎకారమే ఉంది కాబట్టి నిలిచింది. కుండ మీద ఇంకా పాత ఎకారమే, అసలు విషయం అది.

వేదపాఠి: ఋగ్వేదంలో 'దువస్' ఉంది, గౌరవం, పూజ అని అర్థం. మూలం అక్కడే చూడాలి.

అటక: ఆ రెంటికీ చుట్టరికం ఉందని అన్నవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ ప్రతి లాటిన్ మాటకీ సంస్కృతంలో మేనమామని వెతక్కండి మాస్టారూ. ద్వ కాస్తా బ అవడం మాత్రం మనకి కొత్తేం కాదు, ద్వాదశ హిందీలో బారహ్ అయిందిగా. అక్కడా అంతే, దువెల్లుమ్ బెల్లుమ్ అయింది, యుద్ధం.

పిచ్చుక: బెల్లుమ్ అనగానే నాకు రోమన్ కవి కాతుల్లుస్ గుర్తొస్తాడు! పిచ్చుక చచ్చిపోయిన పద్యంలో 'బెల్లుమ్' అంటే అందమైన అని, అది బోనుస్‌కే ముద్దురూపం. యుద్ధమూ ముద్దూ ఒకే స్పెల్లింగు. నాకైతే హొరేస్ కంటే ఈయనే పదిరెట్లు ఇష్టం.

నసపెట్టు: హొరేస్‌ని ఇందులోకి లాగకండి, రాత్రంతా అయిపోతుంది.

కుండరాత: అసలు సంగతి వదిలేశారు. 'ఫేకెద్' తర్వాత వచ్చే 'ఎన్ మానోమ్' దగ్గర మానోమ్ కూడా 'మంచి' అనే కదా అంటారు? పాత లాటిన్‌లో మానుస్ అంటే మంచి, దానికి వ్యతిరేకం ఇమ్మానిస్, క్రూరమైన అని. ఒక్క వాక్యంలో మంచికి రెండు మాటలా? అందుకే నాకు పేరనే అనుమానం.

అటక: మంచివాడు మంచిపనికి చేశాడు, తప్పేముంది?

నసపెట్టు: ముందు మానోమ్ వెనకే వచ్చే 'ఎయినోమ్' సంగతి తేల్చండి. కుడి నుంచి ఎడమకి, మాటల మధ్య ఖాళీ లేకుండా రాశాడు మహానుభావుడు. మానోమ్ ఎక్కడ ఆగిందో మీకెలా తెలుసు?