ఈ 17 అంకెల వికటకవి సంఖ్యను భాగించే 333667 ప్రధాన సంఖ్యేనని కాగితం మీదే తేల్చేదెలా?

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంట్లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. మొన్న వికటకవి, కిటికి లాగా ఎటు చదివినా ఒకేలా ఉండే సంఖ్యలు చెప్పమంటే, ఒక పిల్ల 12345678987654321 రాసి చూపించింది. ఇది 111111111కి వర్గమని చెప్పాను. నమ్మలేదు. నోట్‌బుక్ అడ్డంగా తిప్పి, తొమ్మిది వరసలు మెట్లలాగా రాసి కూడింది. ఎక్కడా చేతిలో ఉంచుకోవాల్సిన అంకె రాలేదు, అందుకే అంత నీటుగా కుదిరింది. పది ఒకట్లతో చేస్తే మధ్యలో 10 వచ్చి, 1234567900987654321 అయి అందం చెడింది.

అంకెల మొత్తం 81, కాబట్టి 9తో భాగం పోతుంది. సరి సంఖ్యలో అంకెలున్న వికటకవులన్నీ 11తో పోతాయి గానీ, ఇది 17 అంకెలది, పోలేదు. 111111111ని విడగొడితే 3 × 3 × 37 × 333667 వచ్చింది.

చిక్కంతా ఆ 333667తోనే. ప్రధాన సంఖ్యే అని ఫోన్ చెబుతోంది. "ఫోన్ చెప్పింది సరే సార్, మనకెలా తెలుస్తుంది?" అంటుంది ఆ పిల్ల. దాని వర్గమూలం 577 దాటుతుంది. అంతవరకు వందకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి, అన్నిటితో భాగించే ఓపిక నాకు లేదు. 47 దాకా చేసి వదిలేశాను.

ఇది తొమ్మిది ఒకట్లను భాగించే సంఖ్య కదా, ఆ సంగతి వాడుకొని కొన్నిటిని ముందే పక్కన పెట్టే దారి ఉందా? పదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా? ఆదివారం మళ్లీ ట్యూషన్‌కి వస్తుంది.