అప్‌డేట్: మా ఉడుత పిల్లలకు ఎందుకు నచ్చలేదో తెలిసింది

పోయిన నెల అడిగాను కదా, నేను చేస్తున్న చిన్న మొబైల్ గేమ్‌లో ఉడుత హీరో పెద్దవాళ్లకు తెగ నచ్చింది, పిల్లలు మాత్రం పట్టించుకోవట్లేదు, ఏం చేయాలి అని. మీలో ఒకరు "చూడకుండా గీయమని పిల్లలకు ఇచ్చి చూడు" అన్నారు, అదే చేశాను.

మా అక్క కూతురికి ఏడేళ్లు. ఉడుతను గీయమంటే బెల్టు, సంచీ, కళ్లజోడు దగ్గరే తికమకపడి పెన్సిల్ పక్కన పడేసింది. అదే కిర్బీని (ఓ పాత వీడియో గేమ్ హీరో) గీయమంటే ఒక గుండ్రం, రెండు నిలువు కళ్లు, కింద రెండు పాదాలు, అర నిమిషంలో అయిపోయింది! 1992లో చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్‌బాయ్‌లో వచ్చిన ఆ గుండ్రటి బొమ్మను, ఆ గేమ్ తయారుచేసిన సకురాయి మొదట తాత్కాలికంగానే పెట్టుకున్నాడు, తర్వాత అదే ముద్దొచ్చి ఉంచేశాడు. ఇంకో గేమ్ హీరో మారియో మీసం కూడా అలాంటిదే, అప్పటి కాసిన్ని పిక్సెల్స్‌లో నోరు గీయడం కుదరక పెట్టింది.

ఇంకోటి, సోనిక్ అనే గేమ్‌లోని నీలం ముళ్లపంది హీరో. ఆడకుండా వదిలేస్తే కాలు నేలకేసి కొడుతూ మనవైపే విసుగ్గా చూస్తాడు, అంటే వాడికీ ఓ బుద్ధి ఉందన్నమాట. అందుకే బెల్టు, సంచీ పీకేశాను, తోక బాగా పెంచాను, ఊరికే ఉంటే మనల్నే చూస్తూ వేరుశనక్కాయ కొరికేలా చేశాను. నిన్న పాప లెవెల్ వదిలేసి, కావాలనే ఫోన్ కింద పెట్టి "మామయ్యా, మళ్లీ తింటోంది!" అంటూ కూర్చుంది.

కళ్లజోడు మాత్రం తీయలేదు, నా మొండితనం అనుకోండి.