ఎల్‌డీఎల్ 152: ఇంటి తిండిలో ముందు ఏది మార్చాలి?

గోదారిగట్టు:
అమ్మకు 54 ఏళ్లు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 152, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 130. షుగర్, బీపీ లేవు. మూడు నెలలు తిండి మార్చి మళ్లీ పరీక్ష చేయించమన్నారు డాక్టర్ గారు. గుడ్డు మానేశారు. ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసున్న పామాయిల్ వాడుతున్నాం. రోజూ బార్లీ నీళ్లు తాగుతున్నారు. రెండు పూటలా చిక్కటి ఫిల్టర్ కాఫీ, రాత్రి గడ్డ పెరుగు తప్పవు. ఇంకేం మార్చాలండీ?

వంటింటి లెక్క:
గుడ్డు సంగతి తర్వాత, ముందు పాలు, నూనె చూడండి. ఫుల్ క్రీమ్ పాలల్లో వెన్న 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. కాఫీకీ పెరుగుకీ కలిపి ఆవిడ వంతు అర లీటరు ఫుల్ క్రీమ్ అయితే 30 గ్రాముల కొవ్వు, అందులో సుమారు మూడింట రెండొంతులు సంతృప్త కొవ్వే. ఎల్‌డీఎల్‌ని పెంచేది అదే. డబుల్ టోన్డ్ అయితే మొత్తం ఏడున్నర గ్రాములే. పెరుగు పల్చగా తోడుకుంటుందని చాలామంది వెనక్కి పోతారు. పాలు సన్నటి సెగ మీద పావు వంతు ఇంకేదాకా మరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయండి, గట్టిగానే వస్తుంది.

నూనె మీద ఆ మాట చూసి మోసపోకండి. ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ లెక్కలోకి వచ్చేంత ఉండదు. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు, వేరుశనగ, నువ్వుల నూనెల్లో ఐదో వంతుకు మించదు. ఏ నూనైనా మనిషికి నెలకు 600 మిల్లీలీటర్లు దాటనివ్వకండి.

చిరుధాన్యం:
బార్లీ వడకట్టి గింజలు పారేస్తున్నారా? అయితే పీచు చాలావరకు వాటితోనే పోతోంది. బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మళ్లీ పైత్యరసం తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. దానికి రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి. 40 గ్రాముల బార్లీ, 40 గ్రాముల ఓట్స్ కలిస్తే సరిపోతుంది.

బార్లీ నాలుగు గంటలు నానబెట్టి, నాలుగింతల నీళ్లతో ఐదు విజిళ్లు రానివ్వండి. కుక్కర్ సగానికి మించి నింపితే నురగ పొంగి విజిల్ దగ్గర అడ్డుపడుతుంది. చల్లారాక గింజలతో సహా మజ్జిగలో కలిపి తాగమనండి. మొదటి వారం సగం కొలతే ఇవ్వండి, లేకపోతే కడుపు ఉబ్బరం వస్తుంది.

డికాక్షన్:
కాఫీ గింజల్లో కెఫెస్టాల్ అనే నూనె పదార్థం ఉంటుంది, అదీ ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. స్టీలు ఫిల్టర్ చిల్లుల్లోంచి దిగిపోతుంది, కాగితం ఆపుతుంది. దిగిన డికాక్షన్‌ని పేపర్ ఫిల్టర్‌లో ఇంకోసారి వడకట్టండి. కాగితాన్ని ముందు వేడినీళ్లతో తడిపితే తొందరగా దిగుతుంది. ఇన్‌స్టంట్ కాఫీలో ఈ బెడద దాదాపు లేదు.

గోదారిగట్టు:
గింజలు పారేస్తున్న మాట నిజమేనండీ. ఇసబ్‌గోల్ కూడా ఇవ్వొచ్చా? పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు.

చిరుధాన్యం:
ఇవ్వొచ్చు, కానీ మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి, లేదంటే మందు సరిగా ఒంటికి పట్టదు. రాత్రి భోజనానికి ముందు ఒక చెంచా, పెద్ద గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. ఇంకో మాట, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) ఈమధ్య చూపించారా? థైరాయిడ్ అదుపులో లేకపోతే ఎల్‌డీఎల్ దానివల్లే పెరుగుతుంది. తిండి ఎంత మార్చినా అంతంతమాత్రమే దిగుతుంది. మూడు నెలల పరీక్షతో పాటు అదీ రాయించుకోండి.