ఇంట్లో ఒక్కదాన్నే గ్రీకు నేర్చుకుంటున్నా, విభక్తుల దగ్గర ఆగిపోయాను

కృష్ణలంక:

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా సొంతంగా గ్రీకు నేర్చుకుంటున్నాను. ఇప్పటి గ్రీకు కాదు, కొత్త నిబంధన రాసిన కోయినే గ్రీకు. మా నాన్నమ్మ రోజూ పొద్దున్నే యోహాను సువార్త పైకి చదివేది, ఆ పుస్తకాన్ని అది పుట్టిన భాషలో ఒక్కసారైనా చదవాలని నా కోరిక, అంతే, పరీక్షా లేదు ఉద్యోగమూ లేదు. స్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి ఆల్ఫా, బీటా, తీటా, పై, సిగ్మా ముందే తెలుసు, 24 అక్షరాలూ పది రోజుల్లో వచ్చేశాయి.

కష్టమంతా ఆ తర్వాతే. మూడు వీడియోలు చూస్తే మూడు ఉచ్చారణలు. ఒకాయన "లాగాస్" అంటాడు, ఇంకొకాయన "లోగోస్" అంటాడు, గ్రీసు దేశస్థుడు చదివితే నాలుగైదు అచ్చులు ఒకేలా "ఇ" అని వినిపిస్తున్నాయి. ఇక నెట్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకంలో నామినేటివ్, జెనిటివ్, డేటివ్ అంటూ పట్టికలు, ఇంగ్లీషు "ద" (the)కి సరిపడే ఒక్క మాటకే 24 గళ్లు. రాత్రి బట్టీ పడితే పొద్దుటికి ఉండట్లేదు. ముందు ఇప్పటి గ్రీకు నేర్చుకుని ఇటు వస్తే సులువా? టీచర్ లేకుండా ఇది అయ్యే పనేనా? దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

శబ్దమంజరి:

అవుతుందమ్మా. ముందు ఒక్క పని చేయండి, ఇంగ్లీషు అక్షరాల్లో గ్రీకు రాసుకోవడం ఈ రోజే ఆపేయండి, తెలుగులో రాసుకోండి. గ్రీకులో ఎప్సిలాన్ హ్రస్వం, ఏటా దీర్ఘం, అంటే మన ఎ, ఏ. ఒమిక్రాన్, ఒమేగా అంటే మన ఒ, ఓ. ఈ తేడా ఇంగ్లీషు వాళ్లు చెవికి అలవాటు చేసుకోవాలి, మనకు పలక మీదే వచ్చేసింది. సంస్కృతంలో కూడా హ్రస్వ ఎ, ఒ లేవు, తెలుగులో ఉన్నాయి. తావ్ అంటే త, తీటా అంటే థ. పై అంటే ప, ఫై అంటే ఒత్తి పలికే ఫ. కప్పా అంటే క, ఖీ అంటే ఖ. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ ఉచ్చారణ దాదాపు ఇదే. యోహాను సువార్త నాటికి కొంత మారింది, కానీ స్పెల్లింగ్ మారలేదు, కాబట్టి ఇలా చదివితే స్పెల్లింగ్ దానంతట అదే గుర్తుంటుంది.

ఇప్పుడు మీ యోహాను మొదటి మాటలు చూడండి: ఎన్ అర్ఖేయ్ ఏన్ హొ లొగొస్. ఎన్ అంటే "లో", ఏన్ అంటే "ఉండెను". ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకటే అయిపోతాయి, తెలుగులో కలవమన్నా కలవవు. కొత్త నిబంధనలోనే ఉన్న రోమా పత్రిక 5వ అధ్యాయం మొదటి వచనంలో కొన్ని పాత ప్రతుల్లో ఎఖొమెన్ ఉంది, కొన్నింటిలో ఎఖోమెన్ ఉంది. మొదటిది "సమాధానం కలిగి ఉన్నాం", రెండోది "కలిగి ఉందాం". ఒక ఒ, ఒక ఓ. దాని మీద పండితులు ఎంతో రాశారు.

విభక్తులకు కూడా ఆ ఇంగ్లీషు పేర్లు ఎందుకు? డు ము వు లు ప్రథమా విభక్తి అని చిన్నప్పుడు చదివిందే ఇది. లొగొస్ వాక్యం, లొగొన్ వాక్యాన్ని, లొగూ వాక్యం యొక్క, లొగోయ్ వాక్యానికి, లొగె ఓ వాక్యమా. గ్రీకులో గళ్లు తక్కువ, అందుకే ఒక్కో గడికి రెండు మూడు పనులు పడ్డాయి: "కి" గడిలోనే "తో", "లో" కూడా ఉంటాయి, "యొక్క" గడిలో "నుంచి" ఉంటుంది. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుని ఉంటే ఇంకా హాయి. అస్తి అక్కడ ఎస్తి, దదామి అక్కడ దిదోమి, సప్త అక్కడ హెప్త. రోజూ ఒకే ఒక్క పట్టిక, పైకి, రాగం తీసి చదవండి. రామః రామౌ రామాః అని మేం నేర్చుకున్నది అలాగే.

లంగరు:

అక్కా, నేను మర్చంట్ నేవీలో పనిచేస్తాను, మాది వైజాగ్. గ్రీకు ఆఫీసర్లతో నాలుగేళ్లు తిరిగాను, ఇప్పటి గ్రీకు మాట్లాడటం వరకు వచ్చు. ముందు అది నేర్చుకుని ఇటు రావాలనుకోవద్దు, దారి పెరుగుతుంది. మీకు తల నొప్పి పెడుతున్న ఆ "కి" విభక్తి ఇప్పటి మాటల్లో లేనే లేదు, ఏవో పాత పదబంధాల్లో మిగిలింది. క్రియకు "చేయడం" అనే రూపం పోయింది. బీటాని వీటా అంటారు, మాట మొదటి అచ్చు మీద పెట్టే ఊపిరి గుర్తులు తీసేశారు, 1982 నుంచి ఒకే స్వర చిహ్నం రాస్తున్నారు. అచ్చులన్నీ "ఇ" అని మీకు వినిపించడం నిజమే, ఏటా, యోటా, ఉప్సిలాన్, ఇంకా కొన్ని జంటలు అన్నీ ఒకే శబ్దం అయిపోయాయి.

కానీ వాళ్లు మాట్లాడటం వినండి, అది మాత్రం మానొద్దు. నేను గ్రీసులోని పిరేయస్ రేవులో దిగిన మొదటి రోజే దుకాణంలో "ఎఫ్ఖరిస్తో" అన్నారు, అంటే థాంక్స్. యోహాను 6వ అధ్యాయంలో రొట్టెలు పట్టుకుని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడని ఉంటుంది చూడండి, అక్కడున్న క్రియ ఇదేనని తర్వాత తెలిసి ఒళ్లు పులకరించింది. రెండు వేల ఏళ్లుగా నోళ్లలో నానుతున్న మాట అది. ఇంకోటి, వాళ్లు "నె" అంటే అవును అని, మన వాళ్లు మొదట్లో అందరూ కాదు అనే అనుకుంటారు.

మార్జిన్ నోట్స్:

శబ్దమంజరి గారు ఉచ్చారణ గురించి చెప్పింది అక్షరాలా పాటించండి. పట్టికల గురించి మాత్రం నాది వేరే మాట. నేను సెమినరీలో రెండేళ్లు చదివాను, మా బ్యాచ్‌లో పట్టికలన్నీ అప్పజెప్పిన వాళ్లు కూడా వచనం ముందు పెడితే ఆగిపోయేవాళ్లు. మీ వచనం మీ దగ్గర ఉంది, అందులోంచే నేర్చుకోండి. కొత్త నిబంధనలో సుమారు 1,38,000 మాటలుంటే, 50 సార్లకు మించి వచ్చేవి మూడొందల చిల్లర, అవి వస్తే దాదాపు 80 శాతం చేతికొచ్చినట్టే. యోహాను మాటలు ఇంకా తక్కువ, అవే తిరిగి తిరిగి వస్తాయి. రోజుకు రెండు వచనాలు చాలు, నోట్‌బుక్‌లో చేత్తో రాసి, ప్రతి మాట కింద తెలుగు విభక్తి రాయండి.

"ద" మాత్రం బట్టీ పట్టాల్సిందే, ఇక్కడ తెలుగు మనకు సాయం రాదు, మనకు ఆ మాటే లేదు. కానీ అది వస్తే మిగతా నామవాచకాల చివర్లు సగం వచ్చేస్తాయి. యోహాను 1:1 చివర థెఒస్ ఏన్ హొ లొగొస్ అని ఉంది. వరస చూస్తే దేవుడు ముందు, వాక్యం తర్వాత. రెండూ ప్రథమా విభక్తే. "హొ" అంటే ఆ "ద"నే, కర్త ఏదో చెప్పేది అది ఒక్కటే, అందుకే తెలుగులో "వాక్యము దేవుడై యుండెను" అని వచ్చింది.

ముందుకెళ్లాక మిడిల్ వాయిస్ అని ఒక క్రియారూపం వస్తుంది, చేసిన పని చేసినవాడికే చెందుతుందని చెప్పేది, ఇంగ్లీషు పుస్తకాలు దానికి పేజీలు పేజీలు కేటాయిస్తాయి. మీరు దాని పక్కన "కొను" అని రాసుకోండి. 13వ అధ్యాయంలో యేసు శిష్యుల పాదాలు కడుగుతాడు, అక్కడ నిప్తేయిన్, మామూలు క్రియ. 9వ అధ్యాయంలో గుడ్డివాడితో సిలోయము కోనేటిలో కడుక్కో అంటాడు, అక్కడ నిప్సాయ్, మిడిల్. కడుగు, కడుక్కొను. ప్రతి మిడిల్ క్రియా ఇంత సాఫీగా కుదరదు, అయినా మొదటి మెట్టుకు ఇంతకంటే మంచి పట్టు నాకు దొరకలేదు.

కృష్ణలంక:

నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను, చేసి చూశాకే చెబుదామని. పాత నోట్‌బుక్ పక్కన పెట్టి తెలుగులో మళ్లీ రాశాను. ఎన్, ఏన్ తేడా నేను మూడు నెలలుగా గమనించనే లేదు. ఇప్పుడు మొదటి ఐదు వచనాలు పుస్తకం చూడకుండా చెబుతున్నాను. పట్టికలూ వచనాలూ రెండూ చేస్తున్నా, పొద్దున పట్టిక, రాత్రి వచనం. నిన్న 9వ అధ్యాయం తీసి నిప్సాయ్ ఎక్కడుందో వెతికి పట్టుకున్నాను, చుట్టూ ఉన్నవేవీ రాకపోయినా ఆ ఒక్క మాట చదవగలిగాను. మొదటి అధ్యాయం 5వ వచనంలో చీకటి దాన్ని, అంటే వెలుగును, "ఊ కతెలబెన్" అని ఉంది, దానికి "పట్టుకొనలేదు" అనాలా "గ్రహించలేదు" అనాలా?

మార్జిన్ నోట్స్:

క్రియకు ముందు "ఊ" ఉంది కదా, "లేదు" అనేది అక్కడిది. క్రియకు రెండు అర్థాలూ ఉన్నాయి, చేత్తో పట్టుకోవడం, మనసుతో పట్టుకోవడం. తెలుగులో "పట్టుబడలేదు" అన్నా అంతే కదా, దొంగా పట్టుబడతాడు, విద్యా పట్టుబడుతుంది. ఆ గడిలో ప్రస్తుతానికి రెండూ రాసి ఉంచండి, 12:35లో చీకటితోనే ఇదే క్రియ మళ్లీ వస్తుంది, అక్కడికి చేరాక వెనక్కి వచ్చి చూడండి.