తెల్లకాగితం మీద వేలిముద్రలు వేయవచ్చునా?

సందేహం: నెల్లూరులో పెన్నా పొర్లుకట్ట పక్కన ఉన్న మా గుడిసెల స్థలం పోరంబోకు కనుక ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పాలని రెవెన్యూ నోటీసు వచ్చింది. మా పేటలో యానాది కుటుంబాలే ఎక్కువ. అంతా తాను చూసుకుంటానంటూ ఒక స్థానిక నాయకుడు తెల్లకాగితాల మీద అందరి వేలిముద్రలు అడుగుతున్నాడు. వేయకపోతే ఆయనకు కోపం వస్తుందని పెద్దవాళ్లు, వేస్తే పైన ఏమి రాసుకుంటాడోనని మేము భయపడుతున్నాము. తోవ చెప్పగలరు.

ఒక సభ్యుడు: తమ్ముడూ, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం 15 రోజుల గడువు ఇవ్వకుండా ఏ కట్టడాన్నీ కూల్చరాదు. నిశ్చింతగా ఉండండి.

మరొక సభ్యుడు: అన్నగారి మాట నమ్ముకొని కూర్చోవద్దు. రోడ్లు, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల దగ్గర ఉన్న అనధికార కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని ఆ తీర్పులోనే ఉంది. మీకు పనికివచ్చేది 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 7వ సెక్షను; ఖాళీ చేయించే ముందు సంజాయిషీ అడిగి తీరాలని అది చెబుతుంది. కాబట్టి నోటీసులో ఉన్న గడువులోగా ఏ కుటుంబానికి ఆ కుటుంబమే జవాబు రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. చూరులో దోపిన ప్లాస్టిక్ కవర్లలో పాత రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు తప్పకుండా ఉంటాయి. ఎలుకలు కొట్టినవైనా సరే, తీసి జిరాక్సులు జతచేయండి. ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఇక వేలిముద్రల సంగతి. వేయవద్దు. మీ పేరుతో మరొకరు మాట్లాడే వీలు ఇవ్వకూడదు; ఇందుకు ఒక ఉదాహరణ చెబుతాను. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో, తమకు ఇస్తామన్న స్థలం ఇటుకల కంపెనీకి పోతోందని తెలిసి 2005 మార్చిలో కెనడీ రోడ్ గుడిసెల వాళ్లు రోడ్డుకు అడ్డం కూర్చున్నారు. అదే ఏడాది వాళ్లు పెట్టుకున్న సంఘం పేరు 'అబహ్లాలి బాసెమ్‌జొండోలో', అంటే గుడిసెల్లో ఉండేవాళ్లు. తమ గురించి తాము లేకుండా ఎవరూ మాట్లాడరాదన్నదే వాళ్ల పట్టుదల. గుడిసెలవాళ్లను ఖాళీ చేయించడం తేలిక చేసిన రాష్ట్ర చట్టంలోని 16వ సెక్షనును 2009లో రాజ్యాంగ న్యాయస్థానం చేత కొట్టివేయించారు. వాళ్ల చట్టం మనకు పనికిరాదు కానీ, వాళ్ల పద్ధతి పనికివస్తుంది.

మీ మాట మీరే చెప్పుకోవడానికి ఇంకొక తోవ కూడా చూడండి. జనాభా 3 లక్షలు, అంతకు మించి ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని మన రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది. మీ డివిజనుకు కమిటీ వేశారా, సభ్యులెవరు అని సమాచార హక్కు కింద అడగండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబు రావాలి. (ఆ కమిటీల ఊసు నాయకులు ఎత్తరు, ఎందుకో మీకే తెలుసు.)

సందేహం అడిగిన సభ్యుడు: నిన్న రాత్రి అందరమూ కూర్చున్నాము. ముగ్గురు ఆడవాళ్లతో కలిపి ఏడుగురిని ఎన్నుకొని, ప్రతి జవాబునూ పైకి చదివి వినిపించిన తరువాతే వేలిముద్ర వేయాలని తీర్మానించాము. నాయకుడికి ఆ తెల్లకాగితాలు తిరిగి ఇచ్చేశాము. ఆదివారం మా చాప మీదికే వచ్చి మాట్లాడమన్నాము.