తైలంబు తీయవచ్చా, దీయవచ్చా?

వేపపుల్ల: చిలికే పని లేకుండా నూనె, నీళ్ళు కలిసిపోయే మైక్రోఎమల్షన్ గురించి పిల్లలకి రాస్తున్నాను. ఏనుగు లక్ష్మణకవి పద్యంతో మొదలుపెడదామంటే ‘తివిరి యిసుమున తైలంబు’ దగ్గరే ఆగిపోయాను. తీయవచ్చా, దీయవచ్చా? సర్ఫాక్టెంట్‌కి తెలుగు మాట కూడా చెప్పండి, అదే, నూనెనీ నీళ్ళనీ కలిపే సబ్బులాంటి పదార్థం.

పాతఅట్ట: దీయవచ్చు. ప్రథమ మీది పరుషములకు గసడదవలు.

అరసున్న: ‘బహుళంబుగా’ మింగేశారేం? తీ తప్పు కాదు.

ముక్కుపొడుం: యతి కోసమైనా తీ ఉండాలి కదా?

అరసున్న: తకి ద ఒకే వర్గం. తి–దీ చక్కగా చెల్లుతుంది.

ల్యాబుకోటు: అసలు ఆ కవి నూనెని ఇసుకలోంచి తీశాడు, నీళ్ళు ఎండమావిలో తాగించాడు. రెండిటినీ కలిపిందెక్కడ? నల్ల ఫినాయిలు బకెట్లో పోయగానే తెల్లగా పాలలా అవుతుంది చూడండి, అదీ దానంతటదే జరిగేదే. కానీ తెల్లబడిందంటే బొట్లు వెలుగుని చెదరగొట్టేంత పెద్దవని. మైక్రోఎమల్షన్‌లో అవి దాదాపు 10–100 నానోమీటర్లే, అందుకే తేటగా ఉంటుంది. సర్ఫాక్టెంట్, చాలాసార్లు తోడుగా ఒక ఆల్కహాలు, నూనెకీ నీటికీ మధ్య తలతన్యతని సున్నా దగ్గరికి దింపేస్తాయి. ఇక కలపడానికి బలం ఎందుకు? హోర్, షుల్మన్ 1943లోనే రాశారు. మైక్రోఎమల్షన్ అన్న పేరు మాత్రం 1959లో వచ్చింది.

వేపపుల్ల: మా పొలంలో వేపనూనె ఊరికే నీళ్ళలో పోస్తే పైకి తేలి, డబ్బా అంతా జిడ్డు. నాన్న ముందు సబ్బు పొడి నూనెలో కలిపి, నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ పుల్లతో తిప్పేవారు.

ల్యాబుకోటు: తిప్పారు కాబట్టి అది మామూలు ఎమల్షనే.

ముక్కుపొడుం: సంస్కృతంలో స్నేహం అంటే నూనె కూడా. సర్ఫాక్టెంట్‌ని స్నేహితుడు అనేస్తే?

అరసున్న: స్నేహం నూనె పక్షం. దీనికి తోక నూనెలో, తల నీళ్ళలో. పెళ్ళిళ్ళ పేరయ్య అనండి.

ల్యాబుకోటు: పేరయ్య పెళ్ళి చేసి వెళ్ళిపోతాడు. ఇతను వెళ్తే ఆ కాపురం నిలవదు.

ముక్కుపొడుం: ఇల్లరికపు పేరయ్య!

పాతఅట్ట: రెండో పాదంలో ‘తవిలి’ని ‘తగిలి’ అని చదివేవాళ్ళున్నారా ఇక్కడ? నేను చిన్నప్పుడు అలాగే అప్పజెప్పి మొట్టికాయ తిన్నాను.

అరసున్న: అర్థం ఒకటే, మొట్టికాయ అన్యాయం. అసలు ఆ నాలుగు పాదాల నడక చూడండి, మూలం సంస్కృతం అంటే ఎవరైనా నమ్ముతారా?

వేపపుల్ల: సర్ఫాక్టెంట్ అలాగే ఉంచి, పద్యం తీసేశాను.

పాతఅట్ట: పద్యంబు దీసేశారా?