ఇంట్లో చూస్తే బీపీ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

ప్రశ్న: నాన్నగారికి పొద్దున 148/92, పది నిమిషాలకే 134/84. ఏది నమ్మాలి? ఆవకాయ మానాల్సిందేనా?

జవాబు: ఒక్క రీడింగ్‌తో తేల్చకండి. కాఫీ తాగాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, 7 రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి, మిగతావాటి సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకు చూపించండి.

జవాబు: చేతికి చుట్టే పట్టీ (కఫ్) చిన్నదైతే ఎక్కువ చూపిస్తుందండీ. లావు చేతికి పెద్దది కొనాలి.

జవాబు: ఆవకాయ ఒక్కటే కాదు, అప్పడం, మజ్జిగలో వేసేది, అన్నీ కలిపి రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడు. సైంధవ లవణమూ దాదాపు అంతే సోడియం! పొటాషియం కలిపిన ఉప్పు మాత్రం కిడ్నీ జబ్బున్నా, టెల్మిసార్టాన్ అనే బీపీ మందు వాడుతున్నా డాక్టరును అడక్కుండా వద్దు.